మీసాల చేప ప్రయాణం

లంచ్ బెల్ మోగింది. అయినా ఐదో తరగతిలో ఒక్కరూ బాక్సు మూత తియ్యలేదు. ఆ రోజు వాళ్లు పాత గదిని వదిలి, వరండా చివరున్న కొత్త గదికి మారుతున్నారు. బెంచీలు వెళ్లిపోయాయి, మ్యాపులు వెళ్లిపోయాయి. మిగిలింది చేపలే.

చిన్న టబ్బులో మూడు ఎర్ర చేపలు. పెద్ద టబ్బులో ఒకే ఒక్క నల్ల చేప. దానికి రెండు పొడుగాటి మీసాలు. ఎప్పుడూ ఓ మూల నుంచి అందరినీ గమనిస్తూ ఉంటుంది. అందుకే పిల్లలు దానికి హెడ్మాస్టర్ అని పేరు పెట్టుకున్నారు. ఈ సంగతి అసలు హెడ్మాస్టరుగారికి ఇంకా తెలియదు.

ట్రాలీ తోసే పని బొంగరానిది. ఒక్కచోట నిలవదు కాబట్టి ఆ పిల్లకు ఆ పేరు. వాళ్ల నాన్న తాపీమేస్త్రి. సెలవుల్లో ఆయన ఒంటిచక్రం బండిని ఇసుకలో తోసి తోసి తన చేయి తిరిగిపోయిందని ఉదయం నుంచీ అందరికీ చెబుతూనే ఉంది.

"మెల్లగా పోవే, నీళ్లు అంచుదాకా ఉన్నాయి," అన్నాడు క్లాసంతా కళ్లజోడు అని పిలిచే పిల్లాడు.

"బండి సంగతి నాకు చెప్తావా? తోస్తే కదులుతుంది, మానేస్తే ఆగుతుంది. అంతేరా."

చిన్న టబ్బుతో వరండాలో పరుగు తీసింది. కొత్త గది గుమ్మం దగ్గర తోయడం మానేసింది. ట్రాలీ ఆగలేదు. అద్దంలాంటి గచ్చు మీద హాయిగా దొర్లుకుంటూ పోతోంది. బొంగరం కంగారుపడి రెండు చేతులా వెనక్కి లాగింది. ట్రాలీ ఆగింది. ఈసారి నీళ్లు ఆగలేదు. అంచు దాటి ముందుకు దూకాయి. వాటితోపాటు ఒక ఎర్ర చేపా దూకింది.

కళ్లజోడు చటుక్కున దాన్ని దోసిట్లోకి తీసి టబ్బులో వేశాడు. అది కాసేపు పక్కకు ఒరిగింది. తర్వాత తోక ఆడించింది. అప్పుడుగానీ బొంగరం ఊపిరి పీల్చలేదు.

ఇక హెడ్మాస్టర్ని బొంగరం చేతికి ఇవ్వొద్దని క్లాసంతా ఒకటే గోల. బొంగరం తల వంచుకుంది. కానీ ఓ అనుమానం లోపల తొలిచేస్తోంది.

"టీచర్, ఇసుకలో బండి ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. ఇక్కడ ఎందుకాగలేదు?"

టీచర్ ముఖం వెలిగిపోయింది. ఆవిడ గుమ్మంలోనే కూర్చుని చెప్పారు. రెండువేల మూడొందల ఏళ్ల కిందట అరిస్టాటిల్ అనే గొప్ప మేధావి కూడా, తోసేవాళ్లుంటేనే వస్తువు కదులుతూ ఉంటుందని అనుకున్నాడట. చాలాకాలం చాలామంది అదే నమ్మారట. తర్వాత గెలీలియో బంతులు దొర్లిస్తూ ఆలోచించాడు. దారి నున్నగా ఉన్నకొద్దీ బంతి ఇంకా దూరం పోతుంది. మరి అడ్డే లేకపోతే? ఆగాల్సిన పనే లేదు. బండిని ఆపింది ఇసుక. కదిలేది కదులుతూనే ఉంటుంది, ఆగి ఉన్నది ఆగే ఉంటుంది, ఏదైనా వచ్చి మార్చేదాకా. ఆ గుణం పేరే జడత్వం.

"అంత పెద్దాయనా పొరపాటు పడ్డాడా?" అంది బొంగరం.

"పడ్డాడు. నీలాగే ఆయనా ఆగిపోయే బండ్లనే చూసి ఉంటాడు."

బొంగరానికి ప్రాణం లేచొచ్చింది. మగ్గు నిండా నీళ్లు పట్టి ట్రాలీ మీద పెట్టింది. ఉన్నట్టుండి తోస్తే నీళ్లు వెనక్కి ఒలికాయి. ఉన్నట్టుండి ఆపితే ముందుకు. మెల్లగా మొదలుపెట్టి మెల్లగా ఆపితే చుక్క కూడా పడలేదు. గౌను తడిసి ముద్దయింది. ముఖం మాత్రం మతాబాలా ఉంది. టీచర్ పెద్ద టబ్బు వైపు చూసి తల ఊపారు.

"కళ్లజోడూ, నువ్వు చెప్పిందే నిజం. ముందు వైపు నువ్వు పట్టుకోరా," అంది బొంగరం.

ఇద్దరూ టబ్బులోంచి సగం నీళ్లు తీసేశారు. ట్రాలీ కదిలిందో లేదో తెలియనంత మెల్లగా కదిలింది. సగం దూరంలో, వరండాలోని కుళాయి దగ్గరే బొంగరం వేగం తగ్గించింది. గుమ్మం ఇంకా రాలేదని వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"నేనొక్కదాన్నే ఆగితే చాలదు. నీళ్లూ ఆగాలిగా. వాటికి ముందే చెబుతున్నా," అంది.

సరిగ్గా అప్పుడే కొత్త గదిలోంచి అసలు హెడ్మాస్టరుగారు బయటికొచ్చి దారికి అడ్డంగా నిలబడ్డారు. ట్రాలీ ఆయన బూట్లకు జానెడు దూరంలో ఆగింది. నీళ్లు ఒకసారి ఊగి, ఊరుకున్నాయి.

ఆయన టబ్బులోకి వంగి, తన మీసం సవరించుకున్నారు. "ఈయన పేరేంటమ్మా?"

పిల్లలంతా నేలచూపులు చూశారు. నల్ల చేప మాత్రం మూలకు జరిగి, ఆయన్ని గమనించసాగింది.