శోభ ఇంటి వెనక ఏడుపు

ప్రణీతకు ఇరవై ఏడేళ్లు. రాత్రిపూట ఎవరు పిలిచినా మొదటి పిలుపుకు పలకదు. దెయ్యం ఒక్కసారే పిలుస్తుందని, మనిషైతే రెండోసారి కూడా పిలుస్తాడని చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పింది. మొగుడు పిలిచినా అంతే. అతను రెండోసారి అరిచాకే "ఆ" అంటుంది.

ఊరి పేరు చెప్పను. మర్రిగూడ దాటి లోపలికి పోవాలి. పత్తి చేలు, కంది చేలు అయిపోయాక, ఊరి చివర శోభ ఇల్లు. ఇల్లంటే ఇప్పుడు నాలుగు మొండిగోడలు. కప్పు ఎప్పుడో కూలింది. లోపల సర్కారు తుమ్మ మొలిచింది.

శోభ వలస పోయిన చోట కాన్పు కాక చచ్చి, దెయ్యమై సొంతింటికే చేరిందట... కడుపులో బిడ్డతో సహా. ఊళ్లో ఏ మగవాణ్ణి అడిగినా చెబుతాడు. కొన్ని రాత్రులు ఆ గోడల వెనక ఏడుపు వినిపిస్తుంది. సన్నగా మొదలై, గొంతు పట్టేసినట్టు ఆగి, మళ్లీ మొదలవుతుంది. ట్రాక్టర్ నడిపే శ్రీశైలం ఒకసారి తాగి ఆ దారిన వచ్చాడు. ఏడుపు విన్నాడు. చెప్పులు అక్కడే వదిలేసి ఉరికాడు. ఆ తర్వాత చాలా రోజులు జ్వరం. ఆ చెప్పులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి — తెచ్చుకునే మొనగాడు లేడు.

పొద్దు గూకితే ఒక్క మగవాడు అటు పోడు.

ఆడవాళ్లు పోతారు. పోక తప్పదు. చీకటి పడ్డాక ఒకసారి, తెల్లవారకముందు ఒకసారి, చెంబులు పట్టుకుని గుంపుగా పోతారు. ఆ గోడల చాటు తప్ప వాళ్లకు వేరే చాటు లేదు. ఊరి మొదట్లో మాత్రం, ఇక్కడ ఎవరూ బయటికి పోరని పెద్ద బోర్డు ఉంది.

ప్రణీత ఇంట్లో మరుగుదొడ్డి ఉంది. గులాబీ రంగు తలుపు. లోపల యూరియా బస్తాలు, డ్రిప్పు పైపులు, పాత మోటారు. తాళంచెవి మొగుడు అమరేందర్ మొలతాడుకు ఉంటుంది. బస్తాలు తడిస్తే నష్టం. ఆడవాళ్లు వానలో తడిస్తే ఎవరికీ నష్టం లేదు.

"గుంపుగ పోతె శోభ ఏమనది" అనేది అత్త హనుమమ్మ. "పిల్లలు కనవడితెనే ఇడువది. కడుపు పట్టుకుంటది." పిల్లలు పగటిపూట ఆ గోడల్లోకి ఆడుకోవడానికి పోకుండా ఆ మాట ఊరంతా చెప్పేవాళ్లు.

మనీష ఐదేళ్ల పిల్ల. నిన్నమొన్నటి దాకా వాకిట్లో మురుగు మోరి పక్కన కూర్చునేది. బడిలో వేశాక అమరేందర్‌కు పరువు గుర్తొచ్చింది.

"బడికి పోయే ఆడివిల్ల, గిట్ల మోరి మీద కూసునుడేంది? మీతోని తీస్కపోండ్రి."

ఆ సాయంత్రం నుంచి మనీష అవ్వ కొంగు పట్టుకుని గుంపుతో పోవడం మొదలుపెట్టింది.

కొన్నాళ్లకు కడుపునొప్పి మొదలైంది.

పగలు బాగానే ఉండేది. బడికి పోయేది, ఆడేది. తిండి మాత్రం తగ్గింది. రాత్రి నిద్రలోంచి లేచి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని — "అమ్మా... నొస్తాందే... నొస్తాంది" అనేది. ప్రణీత వాము నీళ్లు తాగించింది. ఆముదం వెచ్చచేసి బొడ్డు చుట్టూ రాసింది. బట్ట కాచి కాపడం పెట్టింది. పిల్లను భుజాన వేసుకుని వాకిట్లో అటూ ఇటూ తిరిగింది. అమరేందర్ దుప్పటి మీదికి లాక్కుని, "జర సప్పుడు గాకుంట సూడు, పొద్దుగాల చేనుకు మందు కొట్టేదుంది" అనేవాడు.

ఊరి డాక్టరు సూదులు వేశాడు. తగ్గలేదు. నల్గొండ తీసుకుపోయారు. పరీక్షలు రాశారు. ఏమీ లేదన్నారు.

"దొడ్డికి మంచిగా పోతుందా?" అని అక్కడ డాక్టరు అడిగాడు. పిల్లను ఎత్తుకుని నిలబడ్డది ప్రణీత. అడిగింది అమరేందర్‌ను.

"మంచిగనే పోతది సార్" అన్నాడు అమరేందర్. కూతురు పుట్టిన నాటి నుంచి ఒక్కనాడు ఆ పిల్ల కాళ్లు కడిగినవాడు కాదు. ప్రణీత కూడా అవుననే అనుకుంది. రోజూ అవ్వతో పోయి వస్తూనే ఉంది కదా.

డాక్టర్లకు దొరకని నొప్పికి ఊళ్లో ఒకటే దారి. పక్క ఊరి నుంచి లింగస్వామి వచ్చాడు. మెడ నిండా పూసలు. పిల్ల కడుపు మీద నిమ్మకాయ దొర్లించాడు. కళ్లు మూసుకున్నాడు. కడుపు రాయిలా ఉందన్నాడు.

"శోభ" అన్నాడు మెల్లగా. "లోపల చెయ్యి పెట్టి పట్టుకున్నది."

బియ్యం చెరుగుతున్న హనుమమ్మ చేతిలో చాట ఆగిపోయింది.

"శోభనా? శోభ ఎట్ల పడ్తది?"

"నువ్వే చెప్తివి గదనే అమ్మా, పిల్లలను పడ్తదని" అన్నాడు అమరేందర్.

హనుమమ్మ చాట కింద పెట్టింది. చెరగని బియ్యం అట్లాగే బుట్టలో పోసేసింది.

"చెయ్యి కాలితెనే ఇడుస్తది" అన్నాడు లింగస్వామి. "రేపు పొద్దు పొడవకముందు కొడవలి కొన ఎర్రగ కాల్చి బొడ్డు చుట్టు మూడు వాతలు పెట్టాలె."

"సామీ, ఐదేండ్ల పిల్ల..." అంది ప్రణీత.

"నీకు తెలుస్తదా, సామికి తెలుస్తదా?" అన్నాడు అమరేందర్. అంతటితో మాట అయిపోయింది. కొడవలి తడికకు చెక్కి ఉంది. ఆ రాత్రంతా ప్రణీతకు అదే కనిపించింది.

నడిరాత్రి మనీష లేచింది. ఈసారి అరవలేదు. పళ్లు బిగబట్టి, చెమటలు పట్టి, తల్లి చీర పిడికిట పట్టుకుంది.

ప్రణీతకు అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. పిచ్చి ఆలోచనే. పొద్దున లేస్తే మొగుడు పిల్ల కాళ్లు కదలకుండా పట్టుకుంటాడు, లింగస్వామి కొడవలి పట్టుకుంటాడు. వాళ్లను బతిమాలి లాభం లేదు. శోభ ఆడది. కడుపులో బిడ్డతో పోయింది. ఆమెనే అడిగితే?

హనుమమ్మ మంచం ఖాళీగా ఉంది. బయటికి పోయిందేమో అనుకుంది ప్రణీత. పిల్లను కొంగులో చుట్టుకుని వాకిలి దాటింది.

వీధి దీపం ఆఖరి స్తంభం దాకే. ఆ తర్వాత అంతా చీకటి. కంప చెట్ల మధ్య బాట. ఎక్కడో కుక్క ఒకటి మూలిగి ఊరుకుంది. కాలికి మెత్తగా ఏదో తగిలింది... వంగి చూసింది. చెప్పు. మగవాడి చెప్పు. పక్కనే రెండోది.

"అమ్మా... ఏడికి?" అంది మనీష.

"సప్పుడు జెయ్యకు బిడ్డా."

"శోభ తానికా?"

ప్రణీత పిల్లను ఇంకా గట్టిగా అదుముకుంది. పిల్ల వణుకు తన పక్కటెముకలకు తెలుస్తోంది.

గోడలు కనిపించాయి. గోడల మీద తుమ్మ కొమ్మలు. గాలి లేదు. అయినా ఒక కొమ్మ కదిలింది —

అప్పుడు వినిపించింది. ఏడుపు.

సన్నగా మొదలైంది. ఆగింది. మళ్లీ మొదలైంది. ఊళ్లో చెప్పుకునేది అబద్ధం కాదు. గోడ వెనక, నేల మీద నుంచి వస్తోంది. వెనక్కి పోతే కొడవలి. ముందుకు పోతే...

"శోభక్కా" అంది. "శోభక్కా, నేను నీ తానికే వచ్చిన. నా బిడ్డను ఇడిసిపెట్టు. తెల్లారితే కాలుస్తరక్కా దాన్ని."

ఏడుపు ఆగిపోయింది.

ఆ తర్వాత, గోడ అవతలి నుంచి —

"ప్రణీతా..."

పలకలేదు. పిల్ల నోటి మీద చెయ్యి పెట్టింది. ఒక్కసారే... ఒక్కసారే పిలుస్తుంది...

"ప్రణీతా! ఓ ప్రణీతా! గీ రాత్రిపూట పిల్లను దీస్కొని వచ్చినవేందే, నీకేమన్న ఎర్రిలేసిందా?"

దెయ్యం తిట్టదు. తిట్టేది అత్త.

గోడ వారన హనుమమ్మ కూర్చుని ఉంది. పక్కన చెంబు. కొంగు తడిసి ముద్దయింది.

"అత్తమ్మా... ఏడ్చింది నువ్వేనా?"

"నేనే. ఇన్నేండ్ల సంది నేనే. నేను గాకపోతె అవతలి వాడ బాలనర్సమ్మ. వంతులేస్కున్నం. మీ ఈడోళ్లకు ఎవలికి జెప్పలే."

"మరి శోభ?"

"శోభకేమైతది? బొంబాయి పక్క భీవండిల ఉన్నది. ఇద్దరు పోరగాండ్లు. మొన్న ఫోన్ జేసింది, మోకాళ్లు గుంజుతున్నయట."

ప్రణీత పిల్లతో అక్కడే కూర్చుంది. హనుమమ్మ చెప్పుకుంటూ పోయింది. నీ పెండ్లికి ముందు ముచ్చట అంది. శోభ మొగుడితో వలస పోయి, ఇల్లు కూలిన కొత్తల్లో, ముగ్గురు మొగపిల్లలు ఆ గోడలెక్కి, కూర్చున్న ఆడవాళ్ల మీద సెల్లు లైటు కొట్టారు. ఫోటోలు తీశారు. పెద్దమనుషుల్లో పెడితే, "మీరే ఇంకింత చీకటి పడ్డంక పోండ్రి" అన్నారు. అందులో ఒకడు పెద్దమనిషి కొడుకే.

"గప్పుడు సంపినం శోభను" అంది హనుమమ్మ. "దాన్ని అడిగే సంపినం. సంపుకోండ్రి వదినా, నాకేం పోయింది అన్నది. నెలకు రెండు దినాలు ఏడ్సినం. ఒక్కడు మళ్ల రాలే. ఇయ్యాల మాత్రం ఉత్త ఏడ్పు గాదు బిడ్డా. దెయ్యం లేదంటె రేపటి సంది మొగోళ్లు మళ్ల గోడెక్కుతరు. ఉన్నదంటె నా మనుమరాలి కడుపు కాలుస్తరు. ఏం జెయ్యాలెనో తెల్వక వచ్చి కూసున్న."

కొంగులోంచి మనీష తల బయటికి వచ్చింది.

"అవ్వా, శోభ లేదా?"

"లేదు బిడ్డా."

"ఈడ కూసుంటె కడుపు పట్టుకోదా?"

ఇద్దరు ఆడవాళ్లూ పిల్ల వైపు చూశారు.

"నువ్వు రోజు కూసుంటవ్ గదనే" అంది హనుమమ్మ.

"ఉత్తగ కూసుంట. నువ్వు లేస్తె లేస్త." మనీష గొంతు తగ్గింది. "దొడ్డికొస్తె ఆపుకుంట. శోభకు తెల్వకుంట."

"బడిల?"

"బడిల తాళం."

చీకట్లో ఎవరి మొహం ఎవరికీ కనబడదు. అందుకే ఆడవాళ్లు చీకట్లో పోతారు. అందుకే ఆ పిల్ల అన్నాళ్లు ఉత్తగా కూర్చుని లేచి వచ్చిందని ఎవరికీ తెలియలేదు. హనుమమ్మ నెత్తి కొట్టుకుంది. మగవాళ్లను తరమడానికి పుట్టించిన దెయ్యం ఇంట్లో పిల్లను పట్టుకుంది.

అవ్వ ఒక చెయ్యి, అమ్మ ఒక చెయ్యి పట్టుకుని పిల్లను అక్కడే కూర్చోబెట్టారు. చాలాసేపు పట్టింది. మనీష ఏడ్చింది, తిట్టింది, అవ్వ చెయ్యి కొరికింది. పూర్తిగా కాలేదు గానీ కడుపు కొంచెం మెత్తబడింది. అవ్వ భుజం మీద తల పెట్టుకుని అక్కడికక్కడే నిద్రపోయింది.

"ఇప్పుడేం చెప్తవ్ వాండ్లకు?" అంది హనుమమ్మ.

ప్రణీత జుట్టు ముడి విప్పింది. దారి మట్టి తీసి మొహానికి పూసుకుంది.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో నిప్పులు రాజుకున్నాయి. కొడవలి కొన ఎర్రబడుతోంది. అమరేందర్ ఒక్కసారి పిలిచాడు. రెండోసారీ పిలిచాడు. మూడోసారీ పిలిచాడు. ప్రణీత పలకలేదు. తిన్నగా నిప్పుల దాకా వచ్చి నిలబడింది.

"శోభ తానికెల్లి వస్తున్న" అంది. "పిల్లను ఇడిసింది. ఇగ మొగోళ్ల కడుపు పట్టుకుంటదట. ఎవలి దొడ్డిల బస్తాలు పెట్టి తాళమేసిన్రో, వాండ్లయి."

అమరేందర్ లింగస్వామి వైపు చూశాడు. లింగస్వామి నిప్పుల వైపు చూశాడు. దెయ్యం అట్లా అనలేదంటే, నీకెట్లా తెలుసని అడుగుతారు. దెయ్యమే లేదంటే తన తిండి పోతుంది.

"శోభ మాట... ఇనవలసిందే" అన్నాడు.

పొద్దెక్కకముందే అమరేందర్ బస్తాలన్నీ తన భుజాన మోసి బయట వేశాడు. మధ్యాహ్నానికి ఆ వీధిలో చాలా మరుగుదొడ్ల తలుపులు తెరుచుకున్నాయి. మనీషను మళ్లీ దవాఖానకు తీసుకుపోయారు. ఈసారి డాక్టరు అడిగిన దానికి జవాబు ప్రణీత చెప్పింది. సరైన మందు దొరికింది. అయినా ఆ పిల్ల రాత్రి ఉలిక్కిపడి కడుపు పట్టుకోవడం మానడానికి చాలా నెలలు పట్టింది. భయం మందుకు తొందరగా దిగదు.

బాలనర్సమ్మ వాడలో ఇప్పటికీ మరుగుదొడ్లు లేవు. కట్టామని సర్కారు కాగితం మీద ఉంది. వాళ్లు ఇంకా ఆ గోడల చాటుకే పోతున్నారు.

వాళ్ల పిల్లలందరినీ కూర్చోబెట్టి, శోభ బతికే ఉందని ప్రణీత ఒక్కొక్కరి చెవిలో చెప్పింది. తర్వాతి నెల నుంచి హనుమమ్మ వంతు ఏడుపు ఆమే ఏడుస్తోంది.