పిల్లి పడుకున్న డబ్బా

ఆమెను నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె చేతిలో నా సీసపు గుండు ఉంది.

"ఇది మీదేనా?" గుమ్మం అవతల నిలబడి అడిగింది.

"నాదేనండి."

"మా బాల్కనీలో దీనికేం పని?"

"అది మీ ఇంటికి రావాల్సింది కాదండి. తాడు కట్టి విసిరాను, మీ పక్కనున్న చెట్టు మీదుగా పోవాలి. గాలికి దారి తప్పింది."

"దారి తప్పి నా పూలకుండీని పగలగొట్టింది."

"కొత్తది కొనిస్తాను."

"మొక్కని మూడేళ్ళు పెంచాను. ఆ మూడేళ్ళు కూడా కొనిస్తారా?"

లోపల్నుంచి అక్క కేకేసింది. "ఎవర్రా వచ్చింది?"

"ఎదురింటావిడ. కుండీ పగిలిందట."

"ఎవరు పగలగొట్టారు?"

ఆమె గుండును పైకెత్తి చూపించింది. అక్క గుండును చూసింది, నన్ను చూసింది. ఆ చూపు కంటే తిట్టడమే నయం.

వెళ్ళబోతూ ఆమె మా డాబా వైపు తలెత్తింది. "తాడు లాగాక వైరు ఎంత పొడుగు కడతారు? ఇరవై మీటర్లా?"

"అవును. మీకెలా తెలుసు?"

"కళ్ళున్నాయి కాబట్టి" అని మెట్లు దిగిపోయింది.

ఎదురింటి మొదటి అంతస్తులోకి కొత్తగా వచ్చింది. చెవుల డాక్టరు. క్లినిక్‌లో రోజంతా జనానికి హెడ్‌ఫోన్స్ తగిలించి, కూతలు వినిపించి, వినపడితే చెయ్యెత్తమంటుందట. ఆ ఇంటి ఓనరమ్మ, మా అక్క రోజూ సాయంత్రం కలిసి వాకింగ్‌కి పోతారు. అందుకని ఆమె సంగతులన్నీ ఆమెకన్నా ముందు మా ఇంటికి చేరతాయి.

"విచిత్రమైన మనిషిరా" అంది అక్క. "బాల్కనీ నిండా తీగ కట్టుకుంది. బట్టలు మాత్రం లోపల కుర్చీల మీద ఆరేస్తుందట."

ఆ మాట నేను పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది.

*

నేను లిఫ్టు మెకానిక్‌ని. పగలంతా మనుషుల్ని పైకీ కిందకీ పంపిస్తాను. పొద్దున్నే మాత్రం రేడియోలో చుక్కల్నీ గీతల్నీ సముద్రాలు దాటించాలని చూస్తాను. లైసెన్సు ఉంది, కాల్‌సైన్ ఉంది. లేనిదల్లా అవతలి మనిషి.

మేడమీది గదే నా స్టేషన్. బల్లమీద సెట్టు, మోర్స్ కీ, హెడ్‌ఫోన్స్. సెట్టు పక్కన ఒక స్విచ్. దాని నాబ్ ఎడమకి తిప్పితే సిగ్నలంతా యాంటెన్నాకి పోతుంది. కుడికి తిప్పితే బల్లకింద ఉన్న డబ్బాకి పోతుంది. అది పాత పెయింటు డబ్బా. లోపల నూనెలో ముంచిన ఒక రెసిస్టర్. సెట్టు రిపేరు చేసేటప్పుడు ఊరందరికీ వినపడకుండా పరీక్షించుకోవడానికి దాన్ని వాడతాం. సిగ్నల్ బయటికి పోదు. నూనె వేడెక్కుతుంది, అంతే.

సెట్టు రిపేరులో స్విచ్ నాబ్ ఊడితే మళ్ళీ బిగించాను. కుండీ పగిలిన సాయంత్రమే వైరు ఎక్కించాను. నాబ్ ఎడమకి తిప్పి మీటరు చూశాను. యాంటెన్నా సరిగ్గా కుదరకపోతే పంపిన దాంట్లో కొంత వెనక్కి తన్నుతుంది. ఎంత తన్నిందో మీటరు చెబుతుంది. నాకు సున్నా. ఏ బ్యాండులో చూసినా సున్నా. నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకి కూడా అలా కుదరదు.

"నేను పుట్టిందే దీనికోసం అక్కా" అన్నాను.

"కాబోలు. మరి ఎవరైనా పలికారా?"

ఎవరూ పలకలేదు. వారం రోజులు పిలిచాను. చెవుల్లో నిశ్శబ్దం తప్ప ఏమీ లేదు. సూర్యుడి మీద మచ్చలు తగ్గితే దూరపు సిగ్నళ్ళు అందవని చదివాను. తప్పంతా సూర్యుడి మీదకి నెట్టేసి కూర్చున్నాను.

మా అక్క పిల్లికి ఆ బాధలేమీ లేవు. నేను కీ పట్టుకోగానే వచ్చేది. బల్లకింద డబ్బాను కౌగిలించుకుని పడుకునేది. పాపం, దానికైనా రేడియో అంటే ఇష్టం ఉందనుకున్నాను.

ఎనిమిదో రోజు పొద్దున, ఆరూ పదిహేనుకి, ఎవరో పలికారు.

దుప్పటి అవతల దోమ రొదలా ఉంది సిగ్నల్. నా కాల్‌సైనే. రెండుసార్లు. జవాబిచ్చాను. వాళ్ళ కాల్‌సైన్ అందింది, వాతావరణం అందింది, ఆపరేటరు అమ్మాయి అని తెలిపే రెండక్షరాలు అందాయి. ఊరి పేరు మొదలుపెట్టగానే మా బిల్డింగు నీళ్ళ మోటారు ఆన్ అయింది. ఆరూ ఇరవై. గర్రుమన్న రొదలో ఆ దోమ కొట్టుకుపోయింది.

రోజూ ఇదే తంతు. అయిదు నిమిషాలు. ఊరి పేరు దగ్గర మోటారు. కాల్‌సైన్ల జాబితా తిరగేస్తే ఏదో కాలేజీ క్లబ్బు పేరుంది, పోస్టుబాక్సు నంబరుంది, ఊరి పేరు గానీ మనిషి పేరు గానీ లేవు.

ఒకరోజు "ఇక్కడ వాన" అని పంపింది. ఇక్కడా వానే. గోడమీద ప్రపంచ పటం తగిలించి, ఆ పూట వాన పడుతున్న ఊళ్ళన్నిటికీ గుండుసూదులు గుచ్చాను. మర్నాడు "ఇంకా వానే" అంది. కొన్ని సూదులు పీకాను. నెల తిరిగేసరికి పదకొండు సూదులు మిగిలాయి. అన్నీ సముద్రాలకి అవతలే.

"ఎవర్రా ఆ పిల్ల?" అక్క అడిగింది.

"తెలీదక్కా."

"ఎక్కడుంటుంది?"

"ఈ పదకొండిట్లో ఎక్కడో."

అక్క బావ వైపు తిరిగింది. "వింటున్నారా మీ బావమరిది మాటలు?"

బావ పేపరు తిప్పాడు. ఆయనకి ఏడాదిగా వినపడదు. ముఖ్యంగా అక్క పిలిస్తే వినపడదు. పోయినవారం అక్క ఆయన్ని బలవంతంగా చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చాక నన్ను మెట్లకిందకి లాగి, "పట్టేసిందిరా. చీమ దగ్గినా వినపడే చెవులట నావి. మీ అక్కకి చెప్పొద్దని బతిమాలుకున్నా. నువ్వూ చెప్పకు" అన్నాడు.

*

గురువారం పొద్దున ఆ దోమ మూడుసార్లు ఒకే మాట పంపింది. అందుకే పూర్తిగా అందింది.

"ఆదివారం ఆఖరు. స్టేషన్ మూసేస్తున్నాను."

ఆ రోజు ఒక లిఫ్టులో అన్ని బటన్లూ తలకిందులుగా బిగించి వచ్చాను. మూడో అంతస్తు నొక్కినవాళ్ళు సెల్లార్‌కి పోయారు.

ఆదివారం లోపల ఆ ఊరి పేరు తెలియకపోతే ఇక జన్మలో తెలియదు. ఎత్తు చాలడం లేదేమో. శనివారం సెలవు పెట్టి కొత్త గొట్టాలు కొని, నలభై అడుగుల స్తంభం డాబా మీద పడుకోబెట్టాను. లేపడానికి రెండో మనిషి కావాలి. బావని పిలిచాను. వినపడలేదు.

"నేను పట్టుకోనా?" ఎదురు బాల్కనీలోంచి చెవుల డాక్టరు.

"మీకు అలవాటుండదండి."

"కుండీలు ఎత్తి ఎత్తి అలవాటే."

వచ్చింది. తాడు ఎక్కడ చుట్టాలో, ఎప్పుడు వదలాలో ఆమెకి చెప్పాల్సిన పనే రాలేదు. అది చూసి ఆశ్చర్యపోవాల్సింది. నాకు ఆ తీరికేదీ.

"ఇంత హడావిడి ఎవరికోసం?"

"ఒకావిడ కోసమండి."

"ఏ ఊరు?"

"తెలీదు."

"పేరు?"

"తెలీదు."

"పోనీ, చూశారా?"

"లేదు."

"మీకు చెవులు కాదు, ఇంకేదో పరీక్ష చేయించాలి."

"మీకు చెప్పినా అర్థం కాదులెండి. ఆవిడ చివరి గీతని కాస్త సాగదీస్తుంది. గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి చూసినట్టుంటుంది."

ఆమె చేతిలో తాడు ఒక్కసారి వదులైంది. స్తంభం ఊగింది. "సారీ" అని మళ్ళీ బిగించింది.

"మీరూ ఎవరికోసమైనా ఇలా..." అని నసిగాను.

"ఉన్నాడొకడు. ఊరూ పేరూ తెలీదు నాకూ. క్లినిక్ వాళ్ళు ఇంకో ఊరికి రమ్మంటున్నారు. సోమవారం చెప్పాలి. ఇక్కడ ఉండిపోవడానికి కారణమేమీ దొరకడం లేదు."

నేను కడుతున్న ముడి రెండుసార్లు తప్పింది. ప్రేమించేది సముద్రం అవతల మనిషిని. ఎదురింటావిడ వెళ్ళిపోతానంటే నాకేం?

పని అయ్యాక గది చూస్తానంది. గోడమీద ఫ్రేము కట్టిన లైసెన్సు ముందు ఆగింది. నా కాల్‌సైన్ ఒక్కో అక్షరమే పెదాలతో చదివింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీరు రోజూ ఎన్నింటికి మాట్లాడతారు?"

"ఆరూ పదిహేనుకి. ఆరూ ఇరవైకి మోటారు."

"మోటారు" అంది, ఏదో గుర్తొచ్చినట్టు.

"చూడండి" అని కీ నొక్కి మీటరు చూపించాను. "కొత్త యాంటెన్నాకీ సున్నానే. నా చేతిలో ఏదో ఉందండి."

"పాతదానికీ సున్నానే?"

"సున్నానే."

"వైరు మొత్తం పీకేసి చూశారా? అప్పుడూ సున్నానే వస్తుందేమో."

"ఎందుకొస్తుందండీ?"

ఆమె బల్లకింద పిల్లిని చూస్తోంది. వంగి దాని వీపు నిమిరింది. తరవాత డబ్బా మీద అరచెయ్యి ఆనించింది.

"ఇది వెచ్చగా ఉందేంటి?"

"పిల్లి పడుకుంది కదండీ. దాని వేడి."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని నన్ను చూసి మళ్ళీ నవ్వింది. ఆ కళ్ళలో నవ్వొక్కటే ఉందని నేను ప్రమాణం చేసి చెప్పలేను.

"ఏమైందండీ?"

"రేపు మీ ఆవిడని ఊరి పేరు అడగండి. ఈసారి చెబుతుంది" అని మెట్లు దిగింది.

మా ఆవిడ అంటుందేంటి? ఈసారి చెబుతుందని ఈమెకెలా తెలుసు? ఆమె కూర్చున్న కుర్చీని నేను ఎందుకు పక్కకి జరపలేకపోతున్నాను?

*

ఆదివారం. సన్నగా వాన. ఆరూ పదిహేను.

నలభై అడుగుల స్తంభం. అదే దోమ. ఇసుమంత కూడా తేడా లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఊరి పేరు అడిగాను. జవాబు నెమ్మదిగా, చిన్నపిల్లాడికి పంపినట్టు, ఒక్కో అక్షరం వచ్చింది.

"ముందు నాబ్ కుడికి తిప్పండి."

కాగితం మీద రాసుకున్నది మళ్ళీ చదివాను. నా నాబ్ సంగతి సముద్రం అవతల ఎవరికి తెలుసు? కుడి అంటే డబ్బా కదా? డబ్బాలోకి మాట్లాడితే ఎవరికి వినపడుతుంది?

అయినా తిప్పాను.

ప్రపంచం మీద పడింది. వందమంది ఒకేసారి తలుపు తోసుకుని గదిలోకి వచ్చినట్టు స్టేషన్లు, భాషలు, కూతలు. నెలరోజుల క్రితం ఊడిన నాబ్‌ని నేను తిరగేసి బిగించాను. ఎడమ డబ్బా, కుడి యాంటెన్నా. నెలరోజులుగా నేను ప్రపంచాన్ని కాదు, నూనెని వేడి చేస్తున్నాను. నూనె ఏదీ వెనక్కి తన్నదు, అందుకే సున్నా. ఆ పిల్లి నా రేడియోని ప్రేమించడం లేదు, చలి కాచుకుంటోంది.

అయితే డబ్బాలోంచి బయటికి పోయేది వీధి దాటితే గొప్ప. మరి ఆమెకి నేనెలా...

అప్పుడు ఆమె పలికింది. మీటరు ముల్లు కుడి చివరకి ఎగిరి మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. చెవులు చిల్లులు పడ్డాయి. హెడ్‌ఫోన్స్ పీకి బల్లమీద పడేశాను.

కూత ఆగలేదు.

కిటికీలోంచి వస్తోంది. సన్నగా, వానలో తడుస్తూ, ఎదురు బాల్కనీలోంచి. చివరి గీత కాస్త సాగింది. గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి చూసినట్టు.

కిటికీ దగ్గరికి పరిగెత్తాను. బట్టలు ఆరేయని ఆ తీగ కింద, చిన్న బల్ల మీద కొట్టినదల్లా పైకే కూసే సెట్టు ముందు, కీ మీద చెయ్యి పెట్టుకుని ఆమె నావైపే చూస్తోంది.

"ఊరి పేరు అందిందా?" వీధికి అడ్డంగా అడిగింది.

"మీరేనా?"

"ముప్ఫై అడుగుల దూరానికి నలభై అడుగుల స్తంభం ఎత్తించారు నాచేత."

"మరి మీ దగ్గర రేడియో ఉందని చెప్పలేదేం?"

"మా ఓనరమ్మ తీగలు కట్టనివ్వదు. ఆవిడా మీ అక్కా ఒకటే. మీకు చెబితే సాయంత్రానికి ఆవిడకి చేరేది. నిన్న గోడమీద కాల్‌సైన్ చూసేదాకా నేనూ మిమ్మల్ని ఏదో దీవిలో ఉన్నారనుకున్నా."

కేకలు విని మేడెక్కి వచ్చిన అక్క గొంతు వెనక నుంచి. "ఎవర్రా, ఎవరితో?"

నేను నోరు తెరిచేలోపు, రోజూ పొద్దున గది గుమ్మంలో కూర్చుని చదివే పేపరు వెనకనుంచి బావ అన్నాడు. "ఇంకెవరు, ఎదురింటి డాక్టరమ్మ. నెలరోజులుగా ఆరూ పదిహేనుకి అక్కడ కుయ్ మంటుంది, వెంటనే ఇక్కడ టకటక. వీడు చెవులకి డిప్పలు తగిలించుకుంటాడు, వీడికేం వినపడుతుంది?"

బావ పేపరు నెమ్మదిగా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"మీకు వినపడిందా?" అంది అక్క, చాలా మెల్లగా.

బావకి మళ్ళీ వినపడలేదు.

అక్క ఆయన సంగతి తరవాత చూద్దామన్నట్టు కిటికీ దగ్గరికి వచ్చింది. నన్ను పక్కకి నెట్టి వీధి అవతలకి కేకేసింది. "అమ్మాయ్, ఆ తీగ సంగతి మీ ఓనరమ్మతో నేను మాట్లాడతాను. ముందు వానలో తడవకుండా లోపల కూర్చో. ఈ ఊరొదిలి వెళ్ళిపోతావని ఆవిడ అంటోంది, నిజమేనా?"

"అది మీ తమ్ముణ్ణి అడగండి" అంది ఆమె.

ఆరూ ఇరవై. నీళ్ళ మోటారు గర్రుమంది. వీధిలో మాటలు మునిగిపోయాయి. ఆమె పెదాలు కదులుతున్నాయి, ఏమీ వినపడటం లేదు. ఇన్నాళ్ళూ ఇక్కడే అంతా తెగిపోయేది.

బల్ల దగ్గరికి వచ్చి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కీ పట్టుకున్నాను. "వెళ్ళకండి" అని పంపాను. అలవాటు చొప్పున చివర డెబ్భై మూడు కొట్టాను. రేడియోవాళ్ళం ఎవరికైనా, ముక్కూ మొహం తెలియనివాళ్ళకైనా, శుభాకాంక్షలు చెప్పే అంకె అది.

మోటారు రొద మీదుగా ఆమె జవాబు గుక్క తిప్పుకోకుండా వచ్చింది. "ఇంత దగ్గర పెట్టుకుని ఇంకా డెబ్భై మూడేనా?"

మా వాళ్ళకి ఇంకో అంకె ఉంది, ఎనభై ఎనిమిది. ముద్దులతో అని దాని అర్థం. అది శుభాకాంక్షల కింద అందరికీ పంచిపెట్టేది కాదు. లైసెన్సు వచ్చిన ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ కొట్టలేదు. మూడు గీతలు, రెండు చుక్కలు. మళ్ళీ మూడు గీతలు, రెండు చుక్కలు. కొట్టాను.

అవతల్నుంచి అవే గీతలు, అవే చుక్కలు తిరిగొచ్చాయి.

బల్లకింద పిల్లి చల్లబడ్డ డబ్బాను ఒకసారి వాసన చూసింది. నన్ను అసహ్యంగా చూసి, లేచి, ఎదురింటి వైపు కిటికీ ఎక్కి కూర్చుంది.