బ్రెక్కె బంకులో ఒక్క గ్యాలన్

ఏప్రిల్ నెలలో మంచు కరిగి నార్డాల్ ఊరి వీధులన్నీ బురదయ్యాయి. ఆ బురదలోంచి బూడిదరంగు పాత కారొకటి వచ్చి బ్రెక్కె వారి బంకులో తప్పు వైపున ఆగింది. కారు పెట్రోలు మూత ఎడమ పక్కన ఉంది, పంపేమో కుడి పక్కన ఉంది.

"కారు తిప్పి పెట్టండి" అన్నాడు వెండెల్.

"మీ గొట్టం ఇటు చేరదా?" అంది లోపలున్న అమ్మాయి.

"చేరదు."

"ఎప్పుడైనా లాగి చూశారా?"

వెండెల్ ఆలోచించాడు. అతనికి ఇరవై ఆరేళ్లు. పుట్టి పెరిగింది ఈ బంకులోనే. కానీ ఎప్పుడూ లాగి చూడలేదు. ఇప్పుడు లాగితే చేరింది, ఇంకా జానెడు మిగిలింది కూడా.

"ఒక్క గ్యాలన్ చాలు" అంది ఆ అమ్మాయి.

గ్యాలన్ పోశాక, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అతను బకెట్టు తెచ్చి కారు ముందద్దం కడగడం మొదలుపెట్టాడు. పక్క అద్దం దించి ఉందన్న సంగతి చూసుకోలేదు. స్పాంజి పిండిన నీళ్లు గాలికి ఎగిరి సరాసరి ఆమె ఒళ్లో ఉన్న నోటుబుక్కు మీద పడ్డాయి. పేజీ నిండా ఉన్న సిరా చూస్తుండగానే నీలం మడుగైపోయింది.

ఆమె మడుగు వంక చూసింది, తర్వాత అతని చొక్కా మీద కుట్టిన పేరు వంక చూసింది.

"మీరు బ్రెక్కెల అబ్బాయేనా? అయితే మంచిదే. ఇది మీ ఇంటి చరిత్రే. మళ్లీ మొదటినుంచి మీరే చెప్పండి."

ఆమె పేరు ఆర్లిస్ నీగార్డ్. నార్డాల్ వారపత్రికలో చేరి మూడు వారాలైంది. బ్రెక్కె వారి కార్ల షోరూమూ, దాని ముందున్న బంకూ పెట్టి ఆ జూన్‌కు నలభై ఏళ్లు నిండుతాయి. ఆ సందర్భానికి ఒక పేజీ చరిత్ర రాయమని ఎడిటరు ఆమెకు అప్పగించాడు. మిన్నెసోటాలో ఆ మూల ఒక కుటుంబం నలభై ఏళ్లు ఒకే చోట ఒకే వ్యాపారం చెయ్యడం పేజీకి తగిన వార్తే.

తేలిగ్గా అయిపోయే పనే అనుకుంది ఆర్లిస్. కానీ ఊళ్లో ఒక్కొక్కరూ ఒక్కో కథ చెప్పారు. వెండెల్ తాత ఆన్‌ఫిన్ మొదటి కారును పేకాటలో గెలిచాడని మంగలి చెప్పాడు. ఆన్‌ఫిన్ జన్మలో పేక ముట్టుకోలేదనీ, కార్లు అమ్మమని కంపెనీ మనిషే రైలు దిగి వచ్చి బతిమాలాడనీ పాస్టరుగారు చెప్పారు. వెండెల్‌ని అడిగితే తాత మినియాపొలిస్ దాకా నడిచి వెళ్లి కారు నడుపుకుంటూ వచ్చాడన్నాడు.

"మీకెవరు చెప్పారు?"

"మా నాన్న."

"మీ బాబాయి కూడా అదే చెప్తారా?"

వెండెల్ స్పాంజి బకెట్లో పడేశాడు. అతని తండ్రి సెల్మర్‌ది షోరూము. బాబాయి టిల్మన్‌ది బంకు. ఇద్దరికీ మధ్య ఇరవై అడుగుల దూరం, ఒక అద్దాల గోడ. ఆ అన్నదమ్ములు మాట్లాడుకుని పంతొమ్మిదేళ్లయింది. ఏ కబురైనా వెండెల్ చేరవేయాల్సిందే. పొద్దుటిపూట షోరూములో, మధ్యాహ్నం బంకులో అతని ఉద్యోగం. దానికి తోడు ఈ కబుర్ల ఉద్యోగం ఏడో ఏటినుంచీ ఉంది. ఇద్దరూ ఎందుకు మాట్లాడుకోరో అతనికి తెలియదు. అడిగితే ఇద్దరూ ఒకే మాట అనేవారు, వాడినే అడుగు అని.

ఆర్లిస్ రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది. మళ్లీ ఒక్క గ్యాలన్. శుక్రవారం మళ్లీ ఒక్క గ్యాలన్. వెండెల్‌కు అనుమానం వచ్చింది. ఇన్నిసార్లు పెట్రోలు కావాలంటే టాంకు ఎక్కడో కారుతుండాలి. అతను వానలో కారు కింద దూరి పైపులన్నీ తడిమి చూశాడు. ఆమె గొడుగు పట్టుకుని అతని బూట్ల దగ్గర నిలబడింది.

"ఏమైనా కనిపించిందా?" అని అడిగింది.

"ఏమీ లేదు. అదే అర్థం కావడం లేదు."

"మీకు అంత తొందరగా అర్థమవుతుందని నేనూ అనుకోలేదు" అంది ఆర్లిస్. అతను తల బయటపెట్టి చూసేసరికి ఆమె గొడుగు కాస్త అతని వైపుకు వంచి, తాను తడుస్తూ, ఎటో చూస్తోంది.

ఆమె రాకకు ఇంట్లో తలా ఒక అర్థం చెప్పారు. ఆ అమ్మాయికి కొత్త కారు మీద మనసుంది, షోరూములోకి తీసుకురా అన్నాడు సెల్మర్. కంపెనీ పంపిన గూఢచారి, నోరు జారకు అన్నాడు టిల్మన్. షోరూము పైన గదుల్లో ఉండే నాన్నమ్మ థోరాకు ఎనభై ఒక్క ఏళ్లు. ఆవిడ మాత్రం ఏ అర్థమూ చెప్పకుండా, ఒకసారి కాఫీకి పైకి తీసుకురమ్మంది.

టిల్మన్ గూఢచారి అనడానికి కారణం లేకపోలేదు. మార్చిలో కార్ల కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. షోరూము ముందు పెట్రోలు పంపులు ఉండటం ఈ రోజుల్లో బాగోదట. జూలై ఒకటిలోగా పంపులు తీసేయాలి, లేకపోతే ఏజెన్సీ పక్క ఊరికి ఇచ్చేస్తారట. పంపులు తీయమని మీ బాబాయికి చెప్పు అన్నాడు సెల్మర్. కార్లే తీసెయ్యమని మీ నాన్నకు చెప్పు అన్నాడు టిల్మన్. వెండెల్ ఆ ఇరవై అడుగులూ నెల రోజులు తిరుగుతూనే ఉన్నాడు.

ఆర్లిస్‌ను పైకి తీసుకెళ్లిన రోజున థోరా బంగాళాదుంప రొట్టెల మీద వెన్న రాసిచ్చి అసలు కథ చెప్పింది. వెండెల్ కూడా అది వినడం అదే మొదలు.

నలభై ఏళ్ల కిందట రైల్వే స్టేషనుకు మూడు పెద్ద చెక్కపెట్టెలు వచ్చాయి. పైన ఎ. బ్రెక్కె, నార్డాల్ అని రాసి ఉంది. లోపల ఒక కారు ముక్కలు ముక్కలుగా ఉంది. ఆన్‌ఫిన్ గుర్రాలకు నాడాలు కొట్టే మనిషి, కార్లంటే గిట్టదు. తిప్పి పంపెయ్యమన్నాడు. అతను నాడాలు కొట్టడానికి పొలాలవైపు వెళ్లినప్పుడు థోరా ఒక పెట్టె మూత తీసింది. అందులో ఉన్న పుస్తకం చదివింది. పదకొండు రోజుల్లో కారు బిగించి, ఆదివారం చర్చికి నడుపుకుంటూ వెళ్లింది. అదే రోజు ఇద్దరు రైతులు తమకూ అలాంటిదే కావాలన్నారు.

"తర్వాత తెలిసింది. పక్క రాష్ట్రంలో ఇంకో నార్డాల్ ఉందట. అక్కడ ఆర్నె బ్రెక్కె అనే ఆయన కార్ల ఏజెన్సీ తీసుకున్నాడు. ఆ పెట్టెలు ఆయనవి. నేను ఉత్తరం రాశాను. ఆయన అప్పటికే మనసు మార్చుకుని గొర్రెలు పెంచుకుంటున్నాడు. నువ్వే ఉంచుకో తల్లీ అని రాశాడు."

"మరి కంపెనీవాళ్లు?" అని అడిగింది ఆర్లిస్.

"వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు" అంది థోరా.

ఆర్లిస్ పడీ పడీ నవ్వింది. వెండెల్‌కు మాత్రం నవ్వు రాలేదు. తన ఇల్లూ, తన చొక్కా మీది పేరూ, తాత నడిచిన దారీ అన్నీ ఒక్కసారిగా వేరేవాళ్లవి అయిపోయినట్టు అనిపించింది. ఎదురుగా ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ నవ్వుతుంటే, తాను బాధపడుతున్నాడో సంతోషపడుతున్నాడో కూడా తేలలేదు.

ఆ తర్వాతి వారం ఆమె సెల్మర్‌నూ టిల్మన్‌నూ విడివిడిగా కలిసింది. గూఢచారి అన్న టిల్మనే ఎక్కువసేపు మాట్లాడాడు. శుక్రవారం మధ్యాహ్నం సన్నగా వాన పడుతుండగా ఆమె బంకుకు వచ్చి, పెట్రోలు అడగకుండా, టైపు చేసిన రెండు కాగితాలు వెండెల్ చేతికిచ్చింది.

ఒకటి సెల్మర్ మాటలు. పంతొమ్మిది వందల నలభైలో తండ్రి పోయే ముందు, కొడుకులిద్దరూ మంచం పక్కన ఉండగా, ముందుది చిన్నాడికి అన్నాడు. ముందున్నది బంకు కదా. కార్లు కొనే నాథుడు లేని ఆ రోజుల్లో ఇల్లు గడిచింది బంకు మీదే. నాన్నకు తమ్ముడే ముద్దు, నాకు అమ్ముడుపోని కార్లు మిగిల్చాడు. తమ్ముడు ఒక్క మాట కూడా అనకుండా తీసేసుకున్నాడు.

రెండోది టిల్మన్ మాటలు. నాన్న ముందుది చిన్నాడికి అన్నాడు. అంటే వెనకున్న మెకానిక్ షెడ్డు కాదు, ముందు గది, షోరూము. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి అన్నయ్య ఆ గదిలో కూర్చుని, బంకు తాళాలు నా చేతిలో పెట్టాడు. నన్ను చలిలో బయట నిలబెట్టాడు. పంతొమ్మిదేళ్లుగా నిలబడే ఉన్నాను.

వెండెల్ రెండుసార్లు చదివాడు.

"ఇది అచ్చు వేస్తారా?" అన్నాడు. తన గొంతు తనకే కటువుగా వినిపించింది.

"వెయ్యాలనుకుంటే మీ చేతికెందుకిస్తాను?"

"ఇన్నాళ్లూ వచ్చింది దీనికోసమా? మా ఇంటి గొడవ కూపీ లాగడానికా?"

ఆర్లిస్ ముఖం తెల్లబోయింది. "మీకు అలా అర్థమైందా?" అని మెల్లగా అంది. తలుపు మూసుకుని కారు నడుపుకుంటూ వెళ్లిపోయింది. తొమ్మిది రోజులు మళ్లీ రాలేదు.

ఆ తొమ్మిది రోజులూ వెండెల్ ఒకరి కారులో పెట్రోలు పోయబోయి ఇంకొకరి కారులో పోశాడు. షోరూములో ఒకాయన ఎర్ర కారు చూపించమంటే నీలం కారు తలుపు తీశాడు. పదో రోజు థోరా అతన్ని పైకి పిలిచి కిటికీ దగ్గర కూర్చోబెట్టింది.

"ఇక్కణ్ణించి ఏం కనిపిస్తుంది?"

"ఊరంతా."

"నీ ఆర్లిస్ బంకుకు వచ్చే ముందు ప్రతిసారీ నీళ్ల టాంకీ చుట్టూ తిరిగేది. ఐదు చుట్లు, ఆరు చుట్లు. ఒకరోజు తొమ్మిది లెక్కపెట్టాను. ఎందుకో తెలుసా?"

"ఎందుకు?"

"పోసింది ఖర్చు చెయ్యడానికిరా నాయనా. నిండిన టాంకుతో బంకుకు ఎలా వస్తుంది?"

వెండెల్ లేచి కిటికీలోంచి నీళ్ల టాంకీ వంక చూశాడు. "మరి నాతో ఒక్క మాట అనొచ్చు కదా?" అన్నాడు.

"నువ్వొక్క మాట అడగొచ్చుగా" అంది థోరా.

అతను కిందికి దిగేసరికి సెల్మర్ ఒక కబురుతో సిద్ధంగా ఉన్నాడు. గురువారం కంపెనీ మనిషి వస్తున్నాడు, బాబాయికి చెప్పు అన్నాడు. వెండెల్ జేబులోంచి ఒక కాగితం తీసి తండ్రి ముందు పెట్టాడు. అది టిల్మన్ చెప్పింది. తండ్రి మాటలున్నది తీసుకెళ్లి బాబాయి చేతిలో పెట్టాడు.

"నేనింక కబుర్లు మొయ్యను. చదువుకుని మీరే మాట్లాడుకోండి" అని ఇద్దరికీ వినబడేలా చెప్పి, పంపుల మధ్య నిలబడిపోయాడు.

అద్దాల గోడకు అటు ఒకరు, ఇటు ఒకరు చదివారు. టిల్మన్ చదవడం ముందు పూర్తిచేశాడు, కానీ కదల్లేదు. సెల్మరే తలుపు తీసుకుని వానలోకి వచ్చాడు.

"షోరూమనుకున్నావా?" అన్నాడు.

"నువ్వు బంకనుకున్నావా?" అన్నాడు టిల్మన్.

"ముందున్నది బంకే కదరా."

"ముందు గది అన్నాడనుకున్నాను అన్నయ్యా. నువ్వే కదా తాళాలిచ్చింది."

"నీకు కావాలనే కదా ఇచ్చాను. ఏడుస్తూ ఇచ్చాను."

టిల్మన్ టోపీ తీసి, వానలో తడుస్తూ, దాన్ని చేతుల్లో తిప్పుతూ ఉండిపోయాడు. మరి నాన్న ఏమన్నాడంటావు అని చివరికి అడిగాడు. తెలియదురా, నాకిప్పుడు అసలేం తెలియడం లేదు అన్నాడు సెల్మర్. ఇద్దరూ కలిసి షోరూములోకి వెళ్లారు. సాయంత్రానికి పంపులు వీధి అవతల ఖాళీ స్థలంలోకి మార్చాలని తేలింది. అది పది నిమిషాల మాట. మిగతా మూడు గంటలూ వాళ్లేం మాట్లాడుకున్నారో వెండెల్ వినలేదు. అతను అప్పటికే పత్రికాఫీసు మెట్లెక్కుతున్నాడు.

ఆర్లిస్ టైపు మిషను ముందు ఉంది. తల ఎత్తలేదు.

"మీతో అన్న మాట తప్పు. క్షమించండి" అన్నాడు వెండెల్.

"సరే."

"వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు. అది మీవల్లే."

"సంతోషం" అంది. మిషను మీద వేళ్లు ఆగాయి.

"ఇంకొకటి అడగాలి. మీరు వచ్చింది నన్ను చూడ్డానికేనా?"

"మీరేమనుకుంటున్నారు?"

"ఈ రెండు నెలల్లో నేననుకున్నది ఒక్కటీ నిజం కాలేదు. అందుకే అనుకోవడం మానేసి అడుగుతున్నాను."

ఆర్లిస్ అప్పుడు తల ఎత్తింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు కానీ పెదవుల చివర ఏదో ఆగడం లేదు.

"అవును. మిమ్మల్ని చూడ్డానికే" అంది.

ఆదివారం ఆమె షోరూము పైన థోరా గదులకు భోజనానికి వచ్చింది. బల్ల దగ్గర అన్నదమ్ములిద్దరూ ఒకేసారి మాట్లాడారు, ఒకరి మాటకొకరు అడ్డుపడ్డారు. పంతొమ్మిదేళ్ల చేపల వేటా, పంతొమ్మిదేళ్ల మంచు తుఫానులూ ఒక్క పూటలో చెప్పుకోవాలని చూశారు. వెండెల్‌కు నోరు తెరిచే సందు దొరకలేదు. భోజనం అయ్యాక ఆర్లిస్‌ను కారు దాకా దిగబెట్టడానికి వచ్చి, మెట్ల మీదే ఆగిపోయాడు. ఆమె ఒక మెట్టు కింద ఆగింది.

"ఆర్లిస్, నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"చేసుకుంటాను."

వెండెల్ ముందుకు వంగాడు.

"ఇంకోసారి చెప్పు. మా ఇంట్లో ఒక్క మాట సరిగా వినకపోతే ఏమైందో నీకు తెలుసుగా."

ఆమె ఒక మెట్టు పైకెక్కి, అతని చొక్కా గుండీ పట్టుకుని, ఒక్కో మాటా విడదీసి, పెళ్లి చేసుకుంటాను వెండెల్ అంది. మెట్ల పైన తలుపు తెరిచే ఉంది. లోపల అన్నదమ్ముల గొంతులు ఎప్పుడు ఆగిపోయాయో ఏమో, అంతా నిశ్శబ్దంగా ఉంది.

"నాకు సరిగ్గా వినపడలేదు. పైకొచ్చి గట్టిగా చెప్పండి" అని పిలిచింది థోరా.

ఇద్దరూ మళ్లీ మెట్లెక్కారు.