వెనక నుంచి మూడు దెబ్బలు

ఎల్లన్నకు దేన్నయినా వేలి కణుపులతో తట్టి చూస్తేగాని నమ్మకం కుదరదు. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో ఇనుప కడ్డీతో పైకప్పు తట్టి, గట్టిదో బోలుదో చెవితో తేల్చినవాడు. నౌకరీ నుంచి దిగిపోయినా ఆ అలవాటు దిగిపోలేదు. పిల్లను చూడబోయిన ఇంట్లో గోడలు తట్టి పరువు తీశాడని చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు.

ఆ సాయంత్రం ముసురులో, గోదావరిఖనిలో పట్టాభిరామయ్య షెడ్డు కింద, అమ్మకానికున్న ఓ పాత వ్యానును తడుతున్నాడు. లోపల మంచం, చిన్న పొయ్యి, గిన్నెల అర. చక్రాల మీద ఇల్లన్నమాట. అతని భార్య మల్లక్క ఇలాంటిది ఫోనులో చూసి ముచ్చటపడింది. "ఇగో, గిండ్లనే వండుకుంట తినుకుంట సముద్రం దాక పోదాం పా" అనేది. "దిగిపోయినంక పోదాం తియ్యి" అనేవాడు. అతను దిగిపోవడానికి నాలుగు నెలల ముందే ఆమె కన్నుమూసింది. ఆమె చీర ఒకటి ఆ మంచం మీద పెట్టి, సముద్రం చూపించి రావాలని ఇప్పుడతని కోరిక. అదొక్కటి తీరితే చాలు, ఇంకేమీ వద్దు.

అతని వెంట వచ్చిన అన్న కొడుకు కిషన్ మెకానిక్కు. ముందు సీట్ల మధ్య మూత ఎత్తి ఇంజను మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది, ముందే వేడిచేసి మోసం చెయ్యలేదు. ఆయిలు పుల్ల తీసి చూశాడు, ఇంజను నంబరును కాగితాలతో సరిచూశాడు.

"ఇంజను మార్చిండ్రు గద సార్. ఏ బండిది?"

"అంబులెన్సుదండీ" అన్నాడు పట్టాభిరామయ్య. కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఇంజనీరు, కడుపులో ఏదీ దాచుకోలేని మనిషి. "దాని బాడీ తుక్కుకెళ్లిపోయింది, ఇంజను మాత్రం రాయనుకోండి. కరీంనగర్ రోడ్డు మీద తెగ తిరిగిందట."

తడుతున్న ఎల్లన్న చెయ్యి ఆగిపోయింది.

రెండేళ్ల కింద మల్లక్కకు ఆయాసం ఎక్కువైతే, అంబులెన్సులో కరీంనగర్ దవాఖానకు బయలుదేరారు. అతను రాత్రి షిఫ్టు దిగి అదే బట్టల్లో వచ్చాడు. వెనక కాంపౌండరు ఉన్నాడు కదా అని డ్రైవరు పక్కన కూర్చుని, అద్దానికి తలానించి కునుకు తీశాడు. బసంత్‌నగర్ దాటాక వెనక నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. "సిలిండర్ ఊగుతున్నట్టున్నది, పోనియ్" అన్నాడు డ్రైవరుతో, కళ్లు తెరవకుండానే. దవాఖాన ముందు తలుపు తీస్తే కాంపౌండరు గురకపెడుతున్నాడు. ప్రాణం పోయిన మల్లక్క చెయ్యి, డ్రైవరు సీటు వెనకున్న అడ్డుచెక్కకు ఆని ఉంది. వేలి కణుపులు కమిలిపోయాయి.

బాయిలో కప్పు కూలి ఎవరైనా చిక్కుకుంటే అవతలి నుంచి కొడతారు. ఇవతలివాళ్లు తిరిగి కొట్టి తీరాలి. జవాబు రాకపోతే లోపలి మనిషి ఆశ వదిలేస్తాడు. ఈ సంగతి ఎల్లన్నే ఎంతమంది కొత్తవాళ్లకు నేర్పాడో! ఆ మూడు దెబ్బల మాట మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"కాక, బండి నడిపి చూద్దాం. నువ్వు వెనక కూసో. ఏడ సప్పుడొస్తదో నీ చెవులకే తెలుస్తది" అన్నాడు కిషన్.

వెనక మంచం మీద కూర్చున్నాడు. ముందువైపు అడ్డుచెక్క, అందులో అరచేతంత అద్దం. పైన వాన చప్పుడు. చీకటి పడుతుండగా బసంత్‌నగర్ సిమెంటు లారీలు దాటిపోయాయి. అప్పుడు మందుల వాసన వచ్చింది. దాని వెనకే, మల్లక్క తలకు రాసుకునే కొబ్బరినూనె వాసన.

టక్... టక్... టక్.

చెక్క మీదే. అతని మోకాలి పక్కనే. అక్కడ ఏ చెయ్యీ లేదు.

ఎల్లన్న తిరిగి మూడుసార్లు కొట్టాడు. "విన్ననే... మల్లక్కా, ఇప్పుడు విన్న..."

ముందు సీటులో ఎవరో కదిలారు. అద్దంలోంచి చూశాడు. కిషన్ పక్కన ఒక మనిషి. ఒంటి మీద బొగ్గు మరకల డ్యూటీ బట్టలు. కిటికీకి తలానించి నిద్రపోతున్నాడు. ఆ బట్టతల, ఆ మొహం... తనవే.

"లే... లేరా! ఆమె పిలుస్తున్నది!"

చెక్కను బాదాడు. కణుపులు పగిలాయి. ఆ మనిషి కళ్లు తెరవకుండానే గొణిగాడు.

"సిలిండర్ ఊగుతున్నట్టున్నది... పోనియ్."

కొంతదూరం పోయాక బండి ఆగింది. వెనక చప్పుడేమిటో చూద్దామని కిషన్ తలుపు తీసి, ఒకడుగు వెనక్కి వేశాడు.

"కాక... నువ్వు గిక్కడున్నవా? మరి నా పక్కకు పండుకున్నదెవలు?"

ఇద్దరూ ముందుకెళ్లి చూశారు. సీటు ఖాళీ. కిటికీ అద్దం మీద, తల ఆనేచోట, ఊపిరి ఆవిరి.

ఖాళీగా వదిలొచ్చిన వెనక భాగంలోంచి మూడు దెబ్బలు. ఎల్లన్న పరుగెత్తి, నెత్తురు కారే చేత్తో జవాబు కొట్టాడు. లోపల ఆగలేదు. మళ్లీ మూడు, ఇంకా మెల్లగా. తన జవాబు ఆమెకు చేరడం లేదు. ఎల్లన్న భోరున ఏడ్చాడు.

"వద్దు కాక, ఈ బండి మనకొద్దు" అని గుసగుసలాడాడు కిషన్.

"తీస్కుంటున్న. ఈసారి నేను ఆమె తాననే కూసుంట. నువ్వు నడుపు."

లోపలికెక్కి తలుపు వేసుకున్నాడు. అడ్డుచెక్క అద్దంలోంచి ముందుకు చూశాడు. ఖాళీ సీటు పక్కన, కిటికీ మీది ఆవిరి ఆరిపోలేదు. ఎవరో నిద్రలో ఊపిరి వదులుతున్నట్టు, కొంచెం కొంచెంగా పెరుగుతోంది.