మారికుప్పం బండిలో చోటు

ప్రిన్సీ ఉప్మాను రెండు డబ్బాల్లోకి సర్దుతుంటే జెసింతాకు అనుమానమొచ్చింది.

"రెండో డబ్బా ఎవరికే?"

"నాకే. ఈ పొద్దు నుంచి నీతోనే ఫ్యాక్టరీకి వస్తా. మీ సూపర్వైజరు రమ్మన్నాడు," అంది కూతురు తలెత్తకుండా.

"మరి ఎమ్మెస్సీ ఎంట్రన్సు?"

"ఒకసారి రాసినా కదమ్మా. ర్యాంకు రాలేదు. ఇంగ చాలు."

"కొంచెంలో తప్పిపోయింది. మళ్ళీ రాస్తే వస్తాది. ఇస్త్రీపెట్టె పట్టేదానికా నిన్ను బీయస్సీ చదివించినాను?"

"నువ్వు పట్టుకోలేదా?"

చాంపియన్ రీఫ్స్‌లో బంగారు గని కూలీల లైన్లు, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. ఒక ఇంట్లో గొంతు లేస్తే పక్కింట్లో పొయ్యి మీద గరిటె ఆగుతుంది. అయినా ఆ పూట ఎవరూ తగ్గలేదు. గని మూతపడి, భర్త అమృతరాజు కూడా పోయాక, జెసింతా రోజూ బెంగుళూరు బండెక్కి, బట్టల ఫ్యాక్టరీలో పొద్దంతా నిలబడి ఇస్త్రీ చేసి ఈ పిల్లను పెంచింది. మొండితనంలో ఆ పిల్ల తల్లికి ఏమాత్రం తీసిపోదు.

బండి మారికుప్పంలో బయల్దేరుతుంది. అక్కడే ఎక్కే, ఫ్యాక్టరీలో తోటి పనామె మారమ్మ, తర్వాతి స్టేషనులో ఎక్కే జెసింతాకు రోజూ పక్కన తువ్వాలు పరిచి చోటు పట్టి ఉంచుతుంది. ఆ తువ్వాలు మీద కూర్చునే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ లేదు.

"రా పాపా, సర్దుకుంటాం," అంది మారమ్మ, తల్లి వెనకే బండెక్కిన ప్రిన్సీని చూసి.

"వద్దక్కా," అంది జెసింతా. "దీనికి చోటివ్వొద్దు. ఒక్కరోజు కూర్చుంటే రోజూ కూర్చుంటాది. నేనూ ఒక ఏడాదికే అనుకొని ఎక్కినాను."

ప్రిన్సీ మొహం కందిపోయింది. కడ్డీ పట్టుకుని నిలబడింది. కాళ్లు నొప్పి పుడితే బుద్ధొస్తుందిలే అనుకుంది జెసింతా. ఏం బుద్ధి! ఊరిగాం స్టేషను దాటేసరికే తన కాళ్లు లాగడం మొదలుపెట్టాయి. బంగారపేటలో జనం తోసుకొచ్చి పిల్ల తూలేసరికి కన్నపేగు ఇక ఊరుకోలేదు. లేచి వెళ్లి కూతురి పక్కన నిలబడింది.

"నువ్వెందుకు లేచినావు? పోయి కూర్చో."

"నువ్వు నిలబడుంటే నేనెట్ల కూర్చునేదే?"

ప్రిన్సీ కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. "నాకూ అంతే కదమ్మా. పొద్దంతా నువ్వు నిలబడుంటే, ఇంట్లో కూర్చుని పుస్తకం తెరిస్తే ఒక్క అక్షరం తలకెక్కలేదు."

ఇన్నాళ్లూ పిల్లకు పట్టుదల లేదని తిట్టుకుంది జెసింతా, దేవమాతా! కూతుర్ని దగ్గరికి లాక్కుని అందరి ముందే బోరుమంది.

"నువ్వు కూర్చుని చదువుకుంటా ఉండావనే ధైర్యంతోనే నేను నిలబడేది. అదీ లేకపోతే ఈ కాళ్లు నన్ను మోయవే తల్లీ."

"ఇంగ చాలు రండి," అని గదిమింది మారమ్మ. "ఈ చోటు కోసం జనం నన్ను కొట్టేట్టుండారు!"

అందరూ తలా కాస్త జరిగారు. తల్లీకూతుళ్లు ఇరుక్కుని కూర్చున్నారు. ప్రిన్సీ ముక్కు తుడుచుకుంది.

"మాలూరులో దిగి వెనక్కి పోతానమ్మా. ఇంకోసారి రాస్తా. కానీ రేపట్నుంచి వంట నాది. నువ్వు పొయ్యి కాడ నిలబడినావంటే మళ్ళీ ఈ బండే ఎక్కుతా."

"బెదిరించేది చూడు!" అంది జెసింతా, ఏడుస్తూనే నవ్వుతూ.

మాలూరులో ప్రిన్సీ దిగింది. బండి కదలబోతుంటే జెసింతా గబగబా రెండో డబ్బాను కిటికీలోంచి అందించింది.

"కూర్చుని తినవే!"