కాలని పాదాల దిబ్బ

మా ఉప్పు మడుల నుంచి ఊళ్లోకి పోయే దారిలో పాదాల దిబ్బ ఉంది. పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. ఒంటెలు కూడా చుట్టు తిరిగి పోతాయి... అంత చెడ్డపేరు దానికి.

ఏడాదిలో ఎనిమిది నెలలు ఈ రణ్ ఎడారిలో ఉప్పునీళ్లలో నిలబడేవాళ్లం మేం. కాళ్లు చెక్కల్లా బిగుసుకుపోతాయి. చచ్చాక ఒళ్లంతా బూడిదవుద్ది — పాదాలు మటుకు కాలవు. వాటిని చితిలోంచి తీసి, ఉప్పేసి, ఆ దిబ్బలో పాతి మీద రాయి పెడతాం. మా ఆయనవి పాతి మూడేళ్లయింది.

రాత్రిళ్లు అవి లేచి మడుల్లోకి పనికి పోతాయంటారు. ఒళ్లు లేకుండా... ఒట్టి పాదాలు.

ఈ మాట గేలాభాయ్ చెవిన పడింది. జీపు తోలతాడు. నిరుడే సూరత్ నుంచి వచ్చాడు. గుజరాత్ చూడ్డానికొచ్చే పట్నం వాళ్లని ఎక్కించుకుని అడివి గాడిదలు, రాజహంసలు, పాత మెట్ల బావి, మా ఆడవాళ్ల కుట్టుపని — అన్నీ తిప్పి చూపిస్తాడు. నోట్లో ఎప్పుడూ గుట్కా. పక్కన నిలబడితే కంపు.

ఓ పొద్దున చూద్దును కదా, దిబ్బ మీద జీపు చక్రాల గాడి! చిప్స్ పొట్లాలు. ఎర్రటి ఉమ్మి... సరిగ్గా మా ఆయన రాయి మీద.

పోయి అడిగా. "ఏమయ్యా, మీ అమ్మ పాదాలు అక్కడుంటే ఉమ్మేవాడివా?"

ఎర్రపళ్లన్నీ బయటపెట్టాడు. "కోపమెందుకు రూడీబెన్! గాడిదల్ని చూసి చూసి అతిథులకి విసుగొస్తోంది. మీ ఆయన బతికుండగా ఊరు దాటలేదు కదా, ఇప్పుడు ఫోటోల్లో ముంబై దాకా పోతాడు."

"ఇంకోసారి బండి అటు తిప్పి చూడు."

"ఏం చేస్తావ్? మీ ఆయన్ని పంపిస్తావా?"

థూ అనిపించింది. వచ్చేశా.

ఇక్కణ్నుంచి వాడు చెప్పిందే. టీ కొట్టు దగ్గర చెబుతుంటే అందరితోపాటు నేనూ విన్నా.

అమావాస్య. బండిలో ముంబై మొగుడూ పెళ్లాలు. దిబ్బ పక్కన బండి ఆపి, లైట్లు ఆర్పేశాడు — బాగా భయపడతారని.

"నిజంగానే పాదాలుంటాయా?" ఆయన గుసగుసలాడాడు.

"ఉప్పులో కదా సార్... వేళ్లతో సహా ఉంటాయి. తీసి చూపించనా?"

"వద్దండీ, నాకు వాంతొచ్చేట్టుంది" అందావిడ.

"ఒక్క ఫోటోనే" అన్నాడు మొగుడు.

గేలా బండిలోంచి పార తీశాడు. విన్నారా... పార! మొన్న ఉమ్మిన రాయే పక్కకి నెట్టాడు. రెండు దెబ్బలేశాడు. పెచ్చు ఊడింది. మూడో దెబ్బకి చెయ్యెత్తాడు —

కరక్.

ఉప్పు పెచ్చు మీద ఎవరో అడుగేసినట్టు.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. చుట్టూ చూశాడు. ఏమీ లేదు... చీకటి తప్ప.

కరక్... కరక్...

"గాడిదేమో..." అందావిడ.

గాడిద అలా నడవదు. మడుల వైపు నుంచి, చుక్కల వెలుతురులో, తెల్లగా... పాదాలు. పైన కాళ్లు లేవు. ఒళ్లు లేదు. పాదాలే. దిబ్బ వైపే... ఆగకుండా...

పార జారిపోయింది. ఆ పెద్దమనిషి పెళ్లాన్ని అక్కడే వదిలేసి బండెక్కాడట! ఆవిడే గేలా చొక్కా పట్టుకుని బండి దాకా ఈడ్చుకుపోయిందట.

కొట్లో అందరూ నోళ్లు తెరుచుకుని వింటున్నారు. నేను మటుకు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నా.

ఎందుకంటే... ఆ పాదాలు నావి!

రాత్రి చల్లగా ఉంటుందని మడిలో ఉప్పు కదుపుతున్నా. జీపు చప్పుడు వినబడింది. కర్ర తీసుకుని అట్టాగే వచ్చా. మొగుడు పోయిన దగ్గర్నుంచి నేను కట్టేది నలుపే — నల్ల లంగా, నల్ల ఓణీ. పాదాలకి ఉప్పు ఆరి తెల్లగా పేరుకుంది. ఆ చీకట్లో ఇంకేం కనబడుద్ది? దద్దమ్మ.

గ్లాసు పెట్టేసి లేచా. వెనక గేలా ఎవరితోనో అంటున్నాడు —

"ముందు నడిచేవి రెండు... వాటి వెనకాల ఇంకో రెండు."

నిలబడిపోయా.

"వెనకవి పెద్దవి. మగాడివి. ఎడం పాదానికి... బొటనవేలు లేదు."



మా ఆయన బొటనవేలు ఉప్పునీళ్లు తోడే ఇంజను బెల్టులో పడి తెగింది. పన్నెండేళ్ల కిందటి మాట. నిరుడొచ్చిన గేలాకి ఎవరు చెప్పారు? అందర్నీ అడిగా. ఎవరూ చెప్పలేదన్నారు.

ఆ తర్వాత వాడి బండి అటు రాలా. రాయి నేనే మళ్లీ సరిగ్గా పెట్టా. పార కూడా తెచ్చుకున్నా... మంచి పార.

ఆ రాత్రి నా వెనక ఎవరూ నడవలేదు. నాకైతే చప్పుడు వినబడలా.

బతికున్నన్నాళ్లూ నేను నీళ్ల బిందె మోసుకొస్తుంటే ఒక్క రోజు కూడా నా వెంట నాలుగడుగులేసిన మనిషి కాదు. ఇప్పుడొచ్చాడు... ఛీ!