రెండు క్వింటాళ్ళ తేడా

"ఇరవై నిమిషాలిచ్చాను. ఒక్క సెకను ఎక్కువ అడక్కు," అన్నాడు చీఫ్, బ్రీఫ్‌కేసులో దాచిన వైర్‌లెస్‌లోంచి.

ఏజెంట్ సూర్యం వాచీ చూసుకున్నాడు. మూడూ ఇరవై. ఆ పొద్దున్నే పర్సుడీహ్ బజారులో కత్తిపోట్లు తిన్న ఇన్‌ఫార్మర్ ప్రాణం పోతూ నాలుగు ముక్కలు చెప్పాడు. స్టీలు ప్లేట్ల గూడ్సు. రెండు క్వింటాళ్ళ బాంబు. నాలుగు గంటలకి. వంతెన మీద. సరిగ్గా ఆ టైముకే పక్క లైన్లో పాసింజరు కిటకిటలాడుతూ దాటుతుంది.

"రుజువు లేకుండా బండి ఆపితే విదేశీ ముఠా చల్లగా జారుకుంటుంది. మూడూ నలభైకి బండి కదులుతుంది. బాంబుందా, లేదా? ఓవర్!"

సర్వీసు ఇంజనీరు వేషంలో సూర్యం యార్డు కంప్యూటర్ గదిలో అడుగుపెట్టాడు. కిటికీ కిందే గూడ్సు నిలబడి ఉంది. లోపల మిస్ కస్తూరి. ఆకుపచ్చ నైలాన్ చీర, నల్ల కళ్ళద్దాలు, గది నిండా సెంటు. ఆరు నెలలుగా బ్యూరోకి ఆమే ఇక్కడి కళ్ళు.

"కద్మాలో వానొచ్చేలా ఉంది," అన్నాడు సూర్యం.

"గొడుగు టెల్కోలో మర్చిపోయాను," అంది కస్తూరి. కోడ్ సరిపోయింది.

మూల స్టూలు మీద కాటా గుమస్తా ముసలయ్య. శ్రీకాకుళం వదిలి ముప్పై ఏళ్ళు. ఒక్కో వ్యాగన్‌లోని సరుకు తూకం మెషీన్లో టైపు చేసేది ఆయనే. ఆ బండికి గార్డు ఆయన కొడుకు పోలరాజు.

"షెడ్డువాళ్ళు ఎక్కించింది కచ్చితంగా రెండు వేల టన్నులు," అన్నాడు సూర్యం. "కాటా మొత్తం రెండు క్వింటాళ్ళు ఎక్కువొస్తే బాంబున్నట్టే. కూడండి."

కస్తూరి 'ఆక్' అని కొట్టి ఒక్క లైను కమాండ్ రాసింది. ఆ బుల్లి టూల్ ఫైలుని వరస వరసగా చదువుతూ, చూపించిన కాలమ్‌లోని అంకెలు కూడి, చివర మొత్తం చెబుతుంది. తెర మీద 1950.1 అని వచ్చింది.

"నలభై తొమ్మిది టన్నుల తొమ్మిది క్వింటాళ్ళు తక్కువ. చక్రం చెడిందని ఒక వ్యాగన్ తప్పించారు, దాని సరుకు సరిగ్గా అంతే. బాంబు లేదు. బండిని పోనివ్వండి, మిస్టర్ సూర్యం!"

సూర్యం వైర్‌లెస్ మీద చెయ్యి వేశాడు. వేశాడే గానీ మనసు పీకుతోంది. లెక్క మరీ అంత తేలిగ్గా తేలితే అతనికి భయం. ఫైల్లో వరసలెన్నో లెక్కపెట్టమని తనే కొట్టాడు.

నలభై!

"ముసలయ్య గారూ, ఎన్ని తూచారు?"

"నలబై డబ్బాలూ నా కళ్ళెదరే కాటా ఎక్కినాయి బాబూ. తప్పించీడం ఏటి?"

సూర్యం ఫైలు తిరగేశాడు. ఇరవై నాలుగో వరసలో అంకె లేదు, 'డిటో' అని ఉంది.

"పైదెంతో అదీ అంతే," అన్నాడు ముసలయ్య. "ఏబై టన్నులొక్క క్వింటాలు. ముప్పై ఏళ్ళ నుంచీ అలగే రాత్తన్నాను. అందరికీ తెల్సు గదా!"

మెషీనుకి తెలీదు. అంకె కానిదాన్ని ఆక్ కిక్కురుమనకుండా సున్నా కింద కట్టేస్తుంది. కస్తూరికి మాత్రం బాగా తెలుసు.

డిటో కనబడితే పై అంకెనే మళ్ళీ కూడమని సూర్యం గబగబా రాశాడు. ఎంటర్.

2000.2.

"చీఫ్! బండి ఆపండి!"

కస్తూరి లేచింది. "నాకు తలనొప్పిగా ఉంది, వెళ్తాను."

సూర్యం తలుపు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "బండి ఈ కిటికీ కిందే ఉంది. ఏ వ్యాగనో మీకు తెలుసు. చెప్పేదాకా ముగ్గురం ఇక్కడే."

మూడూ యాభై. కింద యార్డంతా ఖాళీ అయింది. పోలరాజు మాత్రం కదల్లేదు. "గార్డు బండొదిలి పోడు," అని అరిచాడు కింద నుంచి.

"నా కొడుకమ్మా!" అన్నాడు ముసలయ్య, కిటికీ ఊచ పట్టుకుని.

మూడూ యాభై ఏడు. కస్తూరి కళ్ళద్దాలు తీసేసింది. ముఖమంతా చెమట.

"పదిహేడు! అడుగున... ఎర్ర తీగ!"

సూర్యం మెట్లు నాలుగేసి దూకాడు. పోలరాజు పరుగెత్తి పదిహేడో వ్యాగన్ చూపించాడు. కటింగ్ ప్లయర్ ఎర్ర తీగని కొరికే సరికి గడియారంలో మిగిలింది నాలుగు సెకన్లు.

కస్తూరి చేతులకి బేడీలు పడ్డాక ముసలయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ అమ్మి నోరిప్పకపోతే ఏటయ్యుండును?"

"అందరం ఒకేసారి రిటైరయ్యేవాళ్ళం."

"బాగా సెప్పినావు!" అన్నాడు ముసలయ్య కోపంగా. "నాకింకా పద్నాలుగు నెల్ల సర్వీసుంది."